చెరువులో చేపపిల్లలు – వాగులో చేపలు

తెలంగాణలో 2016లో ఉచిత చేపపిల్లల పథకము ప్రారంభమైనది. బొచ్చె, శీలావతి, బంగారుతీగ చెరువులలో త్వరగా పెరిగి మత్స్యకారులకు ఆదాయము నిచ్చును. అయితే చెరువునకు మేలైనది వాగునకును మేలగునా?

వికారాబాదు వద్ద అనంతగిరిలో పుట్టు మూసీలోను, తాండూరు ప్రక్కన పారు కాగ్నాలోను, వాని వాగులలోను చేపలు ఎవరును వదలకుండనే పెరుగుచున్నవి. మన రాష్ట్ర చేపయైన కొర్రమీను నీటిమొక్కల నడుమ గూడు కట్టి పిల్లలను కాచుకొనును. బంగారుతీగ మేతకై అడుగు బురదను కలచివేయగా ఆ మొక్కలు నశించును. వేలకొలది పిల్లలు ఒక్కమారుగా వచ్చి చేరినచో మేతకును పోటీ తప్పదు.

అమెరికాలోని మాడిసన్ నదిలో ట్రౌట్ పిల్లలను వదలుట ఆపినచోట సహజముగా పుట్టిన ట్రౌట్ల సంఖ్య పెరిగినది. ఓడెల్ వాగులో క్రొత్తగా వదలినచోట తగ్గినది. దానిని గమనించి మోంటానా రాష్ట్రము 1974లో అట్టి నదులలో పిల్లలను వదలుట మానినది.

కావున పంచాయతీ సభ్యులు మూడు విషయములు గుర్తుంచుకొనవలెను. పిల్లలను చెరువులకే పరిమితము చేయవలెను. వర్షకాలమున చేపలు వాగులోనికి పోకుండ అలుగునకు వల కట్టించి, చెత్త అడ్డుపడకుండ చూడవలెను. 2000లో నిషేధింపబడిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను ఊరి నీటిలోనికి రానీయరాదు. చెరువు చేప మనము పెంచినది. వాగు చేప మనకు వారసత్వముగా వచ్చినది. రెంటిని కాపాడుట మన విధి.