జీవో నుంచి చట్టం దాకా: నాలుగు శాతం కథ

మన పిల్లలు కాలేజీ దరఖాస్తుల్లో 'బీసీ-ఇ' అని రాస్తున్నారు. ఆ మూడు అక్షరాల వెనుక మూడు ప్రయత్నాలు, మూడు కోర్టు తీర్పులు ఉన్నాయి. "ఎమ్మెల్యేలు ఓటేసి చేసిన చట్టాన్ని జడ్జీలు ఎట్లా కొట్టేస్తారు?" అని చాలామంది పెద్దలు అడుగుతుంటారు. జవాబు ఈ కథలోనే దొరుకుతుంది.

ముందు కొన్ని మాటల తేడా తెలియాలి. జీవో అంటే ప్రభుత్వం సంతకం చేసి ఇచ్చే ఉత్తర్వు. దానికి సభలో చర్చ ఉండదు. సభ జరగని రోజుల్లో మంత్రివర్గం సలహాపై గవర్నర్ ఇచ్చేది ఆర్డినెన్స్. సభ మళ్లీ కూడిన ఆరు వారాల లోపు ఆమోదం పొందకపోతే అది చెల్లదు. బిల్లు సభల ఆమోదం పొంది, గవర్నర్ సమ్మతి దొరికాకే చట్టం అవుతుంది. కొన్ని బిల్లులను గవర్నర్ రాష్ట్రపతికి పంపవచ్చు. ఇన్ని మెట్లు ఎక్కిన చట్టం కూడా ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఉంటే ఆ మేరకు చెల్లదని రాజ్యాంగం 13వ అధికరణం చెబుతోంది.

ఇక మన విషయం. 2004 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలందరికీ 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ జీవో తెచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. బీసీ కమిషన్‌ను సంప్రదించకుండా ఇచ్చారన్నది ముఖ్య కారణం. అయితే ముస్లింలను వెనుకబడిన వర్గంగా గుర్తించడానికి రాజ్యాంగం అడ్డు కాదనీ, ఆ వెనుకబాటును రుజువు చేయాలనీ అదే తీర్పు చెప్పింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో మనకు అతి విలువైన మాట ఇదే. ఓడిపోయామన్న బాధలో దీన్ని చాలామంది పట్టించుకోలేదు.

2005లో కమిషన్ నివేదిక తీసుకుని, మొదట ఆర్డినెన్స్, తర్వాత చట్టం చేశారు. అదీ నవంబరులో పోయింది. కమిషన్ పరిశీలించిన తీరు సరిగా లేదన్నారు. పైగా అప్పటికే ఉన్న 46 శాతానికి 5 కలిపితే 51 అవుతుంది. 1992లో మండల్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత 50.

2007లో దారి మార్చారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ అధ్యయనం చేసి, మతం మొత్తాన్ని ఒక్కటిగా చూడకుండా వృత్తిని, సామాజిక స్థితిని బట్టి వర్గాలను గుర్తించారు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీలు, షేక్‌లు, ఎలుగుబంట్లను ఆడించి బతికిన గుడ్డి ఎలుగువాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వారిని వదిలేశారు. (దూదేకులవారు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు.) కోటా 4 శాతం, మొత్తం సరిగ్గా 50. అయినా 2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల హైకోర్టు ధర్మాసనం 5-2 మెజారిటీతో ఈ చట్టాన్నీ కొట్టేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 14 వర్గాలకు కోటాను నిలబెట్టి, కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఇవాళ మన పిల్లల సీట్లు ఆ మధ్యంతర ఉత్తర్వు మీదే నడుస్తున్నాయి.

2017 ఏప్రిల్‌లో తెలంగాణ శాసనసభ బీసీ-ఇ కోటాను 12 శాతానికి, ఎస్టీల కోటాను 10 శాతానికి పెంచే బిల్లు ఆమోదించింది. మొత్తం 62 శాతం. రాష్ట్రపతి సమ్మతి రాలేదు, కాబట్టి అది చట్టం కాలేదు. తమిళనాడులో 69 శాతం ఎట్లా ఉందని అడుగుతారు. ఆ చట్టాన్ని 1994లో రాజ్యాంగ సవరణతో తొమ్మిదో షెడ్యూల్‌లో చేర్చారు. అది పార్లమెంటు చేయాల్సిన పని, రాష్ట్రం చేతిలోది కాదు. ఆ షెడ్యూల్‌లోకి ఎక్కినా పూర్తి రక్షణ లేదని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ హద్దులు మనకొక్కరికే కాదు. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ లాంటి ఏజెన్సీ మండలాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ కుదరదంది. మా వృత్తిలో ఆ తీర్పు పెద్ద కలకలమే రేపింది.

దాతలు గమనించాల్సిన చిన్న పని ఒకటుంది. చట్టం జాబితాలో వర్గాల పేర్లు ఉన్నాయి. ఉత్త 'ముస్లిం' అన్న పేరు లేదు. బడిలో చేర్చే రోజు కులం గడిలో 'ముస్లిం' అని మాత్రమే రాయిస్తే, ఇంటర్ తర్వాత బీసీ-ఇ సర్టిఫికెట్ కోసం ఆ కుటుంబం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాల్సి రావచ్చు. జాబితాలో లేని సయ్యద్, పఠాన్ కుటుంబాలు ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉండి, మిగతా షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. జనగామలోనైనా, భూపాలపల్లిలోనైనా మనం ఫీజు కట్టే విద్యార్థి ఫైలు తెరిచినప్పుడు మార్కుల మెమోతో పాటు ఆ గడిని కూడా ఒకసారి చూడండి. తప్పుంటే పదో తరగతి మెమో రాకముందే హెడ్మాస్టరును కలిసి సరిచేయించాలి.