ఈ-మెయిల్‌లో చిరునామా: పేరును నమ్మరాదు

'చిరునామా' అనే మాట పారసీక మూలము గలది. 'సర్' అనగా శిరస్సు, 'నామా' అనగా లేఖ. లేఖకు తలవంటిది కనుక 'సర్‌నామా' అన్నారు. మన నోట అది చిరునామా అయినది. తల తప్పిన లేఖ దారి తప్పును.

ఒకే పేరు గల గ్రామాలు మన దేశంలో అనేకం. ఆ చిక్కును తీర్చుటకే తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడ్‌ను ప్రవేశపెట్టినది. మనుష్యుల పేర్లలోనూ ఇదే చిక్కు ఉన్నది. మన కళాశాల హాజరుపట్టీలో ఒకే పేరు గలవారు ఇద్దరు ముగ్గురు కనిపించుట వింత కాదు.

ఈ-మెయిల్ చిరునామాలో ఎట్ గుర్తును 1971లో మొదట వాడినవాడు రే టామ్లిన్‌సన్ అనే అమెరికన్ ఇంజనీరు. ఆ గుర్తుకు ముందున్నది వ్యక్తి ఖాతా, తరువాత ఉన్నది దానిని భద్రపరచు సంస్థ చిరునామా. ఈ రెండవ భాగమును ఉర్దూ వలె కుడినుండి ఎడమకు పరిశీలించవలెను. చివర 'ఇన్' అని ఉన్నచో భారతదేశపు విభాగము. దానికి ముందు 'ఏసీ' ఉన్నచో విద్యాసంస్థ. దానికి ముందున్నది ఆ సంస్థ పేరు.

లేఖపై కనిపించు పేరు వేరు, చిరునామా వేరు. పేరును ఎవరైనా తమకు నచ్చినట్లు వ్రాసుకొనవచ్చును. లేఖను చేరవేయు యంత్రము పేరును చూడదు, చిరునామానే చూచును. కాని చాలా అనువర్తనాలు, ముఖ్యంగా చేతి ఫోనులలో, స్థలము చాలదని చిరునామాను దాచి పేరును మాత్రమే చూపుచున్నవి. ప్రమాదమంతా ఇచ్చటనే ఉన్నది.

ఈ పాఠమును నేను నేర్చినది నా పొరపాటు వలననే. ఒక విద్యార్థి తన ఇంటి లేమిని వివరించి, రుసుమునకు గడువు కోరుతూ నాకు వ్రాసినాడు. దానిని కార్యాలయ ఉద్యోగికి పంపదలచి రెండక్షరాలు కొట్టగానే, తెలిసిన పేరు తెరపై నిలిచినది. పంపితిని. అది అదే పేరు గల అతని సహాధ్యాయికి చేరినది. మరునాడు ఆ బాలుడు తరగతిలో తల ఎత్తలేదు. క్షమాపణ కోరితిని, కాని వెళ్ళిన లేఖ తిరిగి రాలేదు.

కనుక విద్యార్థులు ఈ నియమములను పాటింపవలెను. పంపుటకు ముందు పేరుపై వ్రేలుంచి పూర్తి చిరునామాను చదువుడు. పరిచయముల పట్టికలో పేరు ప్రక్కనే హోదాను, ఊరును చేర్చుడు. 'టు' వరుసలో జవాబు ఇవ్వవలసినవారిని, 'సీసీ'లో తెలిసియుండవలసినవారిని మాత్రమే చేర్చుడు. సీసీ అనగా కార్బన్ కాపీ, టైపు యంత్రముల నాటి నల్ల కాగితపు ప్రతి. పరస్పరము ఎరుగని పలువురికి వ్రాయునపుడు వారిని 'బీసీసీ'లో ఉంచుడు; ఒకరి చిరునామా మరొకరికి కనబడదు. అందరికీ జవాబిచ్చు మీటను నొక్కుటకు ముందు ఆ 'అందరు' ఎవరో లెక్కించుడు. మీకు వచ్చిన లేఖ పెద్దల పేరుతో ధనమడిగినచో, మొదట చూడవలసినది ఆ పేరు వెనుకనున్న చిరునామానే.

ఉత్తరము వ్రాయుట విద్య. అది ఎవరికి చేరునో ఎరిగి పంపుట బాధ్యత. మనలను నమ్మి రహస్యము చెప్పినవారి గౌరవము ఆ ఒక్క వరుసలో ఉన్నది.