కంచె కొలతకు వర్గ సమీకరణము

పంచాయతీ ఆటస్థలమునకు కంచె వేయవలసియున్నదనుకొందము. రికార్డులో వైశాల్యము 216 చదరపు మీటర్లనియు, వెడల్పుకంటె పొడవు 6 మీటర్లు ఎక్కువనియు మాత్రమే కలదు. స్థలమును చతురస్రముగా భావించినచో చుట్టుకొలత సుమారు 58.8 మీటర్లే వచ్చును, తీగ చాలదు. కావున సరియైన లెక్క వలయును.

వెడల్పును ‘య’ అనుకొన్నచో, య² + 6య = 216.

మొదటిది కారణాంక పద్ధతి. లబ్ధము 216, భేదము 6 గల సంఖ్యలు 18, 12. కావున వెడల్పు 12.

రెండవది వర్గపూర్తి. 6లో సగమైన 3 యొక్క వర్గమును, అనగా 9ని, ఇరువైపుల కలిపినచో (య + 3)² = 225. వర్గమూలము 15, అందుండి 3 తీసివేయగా 12.

మూడవది శ్రీధరాచార్యుని పద్ధతి. 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు దీనిని ఉదహరించెను. ఇరువైపుల 4చే గుణించి, 6 యొక్క వర్గమైన 36ను కలుపవలెను. అప్పుడు (2య + 6)² = 900; 2య + 6 = 30; య = 12.

సమీకరణమునకు −18 కూడ మూలమే. కాని వెడల్పు ఋణసంఖ్య కాజాలదు.

పొడవు 18, వెడల్పు 12. చుట్టుకొలత 60 మీటర్లు. కారణాంకములు సులభముగా దొరకనిచోట తక్కిన రెండు పద్ధతులు అక్కరకు వచ్చును. ఒక పద్ధతిచే వచ్చిన ఫలితమును మరియొకదానిచే సరిచూచిన పిమ్మటనే సభ్యులు అంచనాను ఆమోదించుట శ్రేయస్కరము.