బొగతా, ముత్యాలధారా: ఏ దారి కష్టం?

దుమ్ముగూడెం

చిన్నోడా,

ఆగస్టులో స్నేహితులతో వస్తున్నానని, ఒకరోజు బొగత జలపాతం, ఒకరోజు ముత్యాలధార జలపాతం చూస్తామని రాశావు. రెంటిలో ఏ నడక కష్టమని అడిగావు. తప్పకుండా రండి. కానీ కష్టాన్ని కిలోమీటర్లలో కొలవొద్దురా.

మన చర్ల రోడ్డే పట్టుకుని వెంకటాపురం దాటి వాజేడు వైపు పోతే బొగత. బండి ఆపిన చోటినుంచి జలపాతం దాకా బాట ఉంది, చుట్టూ జనం ఉంటారు. మీ నాయనమ్మ కూడా మెల్లగా నడిచి చూసొచ్చింది. అక్కడి ప్రమాదమంతా నీళ్ల దగ్గరే. బండలకు పాచి, మడుగు ఎక్కడ లోతో పైనుంచి తెలియదు. కంచె దాటి ఫోటో కోసం దిగకపోతే భయం లేదు.

ముత్యాలధార అలా కాదు. వీరభద్రవరం దగ్గర అడవిలోకి పోవాలి. 700 అడుగుల ఎత్తునుంచి పడే ధార అంటారు, చూసి తీరాల్సిందే. నీ వయసుకి ఆ నడక ఓ లెక్క కాదు. అసలు కష్టం తిరిగొచ్చేటప్పుడు. పొద్దున మోకాలి లోతులో దాటిన వాగు సాయంత్రానికి మనిషిని నిలవనీయదు. మీ నెత్తిన చినుకు పడక్కర్లేదు, ఎగువన ఛత్తీస్‌గఢ్ గుట్టల్లో కురిస్తే చాలు. 2023 జులైలో 80 మంది దాకా అలాగే లోపల చిక్కుకున్నారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు రాత్రంతా తిప్పలు పడి బయటికి తెచ్చారు. ఆ వారంలోనే, ముత్యాలధార ఉన్న ములుగు జిల్లాలోనే, లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది.

వాగు దాటే ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి కాసేపు నిలబడు. నీరు పుల్ల దాటి పైకొచ్చినా, రంగు ఎర్రబడినా, ఎండుటాకులూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా వెనక్కి తిరగండి. అప్పటికే అవతల ఉంటే దాటొద్దు, ఎత్తైన చోట కూర్చోండి. రాత్రయినా సరే. ఆకలితో ఎవరూ చావరు.

ఇంకొకటి. ఆ పక్కనే ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల వైపు మందుపాతరలు పెట్టామని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులే లేఖ విడుదల చేశారు. కాబట్టి ఆ అడవుల్లో కొత్త బాటలు వెతకొద్దు. ఊళ్లోని కోయవాళ్లు నడిచే బాటే మీ బాట. వాళ్లలో ఒకరు వెంట రానిదే అడుగు పెట్టొద్దు. అటవీశాఖ వద్దన్న రోజున బతిమాలొద్దు, పక్కదారి అసలే వద్దు.

రోడ్డు మాట మర్చిపోకు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక. నది ఇంకా పెరిగితే మన తూరుబాక దగ్గర నీళ్లు రోడ్డెక్కుతాయి, మీరు అటే ఉండిపోతారు. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు ఎలా ఉందో మీ నాన్నని అడుగు.

నా మాట వింటే ఆగస్టులో బొగత ఒక్కటే పెట్టుకోండి. రెండో రోజు పర్ణశాల, ఇంగ్లీషువాళ్ల కాలంనాటి మన ఆనకట్ట నేనే తిప్పి చూపిస్తాను. ముత్యాలధారకి వానలు వెనకబట్టాక, నవంబరులో రండి. ధార సన్నబడినా వాగు మన మాట వింటుంది. అప్పటికి వీరభద్రవరంలో వెంట వచ్చే మనిషిని మాట్లాడి ఉంచుతాను. ఎంతమందో ముందే రాయి, పెద్దమ్మ అన్నం సంగతి చూసుకోవాలి.

మీ పెదనాన్న