రక్తపు కాన్సరు చికిత్స: పరీక్షల తారతమ్యము

రక్తమునకు వచ్చు కాన్సరును ల్యుకేమియా అందురు. అందు ఒక రకమైన దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాకు 2001 నుండి ఇమాటినిబ్ అను మాత్ర వాడుకలోనికి వచ్చినది. దానివలన అనేకులు చిరకాలము జీవించుచున్నారు. అయితే మందు పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుట ఎట్లు? ఇందులకు ముఖ్యముగా మూడు పరీక్షలు కలవు.

మొదటిది రక్తకణముల లెక్క. ఆరోగ్యవంతుని రక్తమున ఘనమిల్లీమీటరునకు 4,000 నుండి 11,000 వరకు తెల్లకణములుండును. ఈ వ్యాధియందు అవి లక్షకు మించవచ్చును. మాత్రలు ప్రారంభించిన కొద్ది వారములలోనే సాధారణముగా లెక్క సరిపడును. ఈ పరీక్షకు ఖర్చు స్వల్పము. మందువలన కణములు మితిమీరి తగ్గినను దీనివలననే తెలియును. కాని లెక్క సరిపడినంత మాత్రమున వ్యాధి తొలగినదని తలచరాదు.

రెండవది క్రోమోసోముల పరీక్ష. ఈ రోగుల కణములలో పొట్టి క్రోమోసోము ఒకటి ఉండునని 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వారు పనిచేసిన నగరమునుబట్టి దానికి ఫిలడెల్ఫియా క్రోమోసోమను పేరు వచ్చినది. 9వ, 22వ క్రోమోసోముల ముక్కలు తారుమారగుటయే దీనికి కారణమని 1973లో జానెట్ రౌలీ నిరూపించెను. ఎముక మూలుగను సూదితో తీసి, విభజన చెందుచున్న సుమారు 20 కణములను పరిశీలింతురు. ఇతర క్రోమోసోములలోని క్రొత్త మార్పులును ఇందు బయటపడును. అయినను ఇరువది కణములు నిర్దోషముగా నున్నంతనే తక్కిన లక్షలాది కణములును అట్లే యున్నవని చెప్పజాలము.

మూడవది పి.సి.ఆర్. పరీక్ష. ముక్కల తారుమారువలన పుట్టిన బి.సి.ఆర్.–ఎ.బి.ఎల్. అను వికృత జన్యువు జాడను ఇది కొలుచును. చేతి నరమునుండి తీసిన రక్తము చాలును. లక్ష కణములలో ఒక్కటి దాగియున్నను కనిపెట్టగలదు. అంతర్జాతీయ కొలమానము ననుసరించి ఈ సంఖ్య మూడు నెలలకు 10 శాతమునకు, సంవత్సరమునకు 0.1 శాతమునకు దిగుట మంచి గుర్తు. ప్రయోగశాలను మార్చినచో సంఖ్యలను పోల్చుట కష్టము గాన, ఒకేచోట చేయించుకొనుట మేలు.

పొలమున కలుపు కంటికి కానరాకున్నను దాని విత్తనము నేలలో మిగిలియుండును. ఈ వ్యాధియు నట్టిదే. పి.సి.ఆర్. సంఖ్య మరల పెరిగినచో, రక్తపు లెక్క చెడకమునుపే వైద్యుడు కారణము విచారించి, అవసరమైనచో మందు మార్చును. కనుక దేహమున నలత లేదని మాత్రలు స్వయముగా మానరాదు. పరీక్షల గడువు దాటనీయరాదు.