పెనం మీది నూనె, సూర్యుడి మీది గింజలు



కన్వెక్షన్ అంటే ఏమిటని అడిగితే పిల్లలు "వేడి పైకి పోవడం" అని ఠక్కున చెబుతారు. మార్కు పడితే పడవచ్చు గాని, ఆ జవాబు చాలదు. పైకి పోయేది వేడెక్కిన ద్రవం. వేడికి అది వ్యాకోచించి సాంద్రత తగ్గుతుంది. చుట్టూ ఉన్న చల్లని, బరువైన ద్రవం కిందికి దిగి దాన్ని పైకి నెడుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీని పేరు సంవహనం. ఎసట్లో బియ్యపు గింజలు ఒకచోట లేచి మరోచోట మునగడం అమ్మలు రోజూ చూసేదే.

1900లో ఫ్రాన్సులో హెన్రీ బెనార్ అనే శాస్త్రజ్ఞుడు తిమింగలపు మైనాన్ని కరిగించి, మిల్లీమీటరు మందం కూడా లేని పొరగా పరిచి, కింది నుంచి సమానంగా వేడి చేశాడు. తేనెపట్టులాగా ఆరు భుజాల గదులు ఏర్పడ్డాయి. గది మధ్యలో ద్రవం పైకి లేస్తుంది, అంచుల వెంట దిగుతుంది. దీనికి 1916లో లార్డ్ రేలీ లెక్క కట్టాడు. అడుగుకూ పైభాగానికీ ఉష్ణోగ్రత తేడా ఒక హద్దు దాటితేనే కదలిక మొదలవుతుందన్నాడు. పొర లోతు రెట్టింపయితే, కావలసిన తేడా ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. పలుచని పొరకైతే చాలా ఎక్కువ తేడా కావాలి.

మెలిక ఇక్కడే ఉంది. బెనార్ పొర మరీ పలుచన! రేలీ లెక్కలో తప్పు లేదు, కాని ఆ గదులకు అది సరిపోదు. 1956లో బ్లాక్ ప్రయోగాలు, 1958లో పియర్సన్ లెక్కలు అసలు కారణాన్ని చూపాయి. అది తలతన్యత. వేడి తగిలినచోట తలతన్యత తగ్గుతుంది, పక్కనున్న చల్లని భాగం ఉపరితలాన్ని తనవైపు లాక్కుంటుంది, ఖాళీ నింపడానికి కింది ద్రవం లేస్తుంది. పెనం మీద పలుచగా పోసిన నూనె కాగేటప్పుడు కనబడే గళ్లు ఈ కోవలోవే. (పిల్లలు పొయ్యి దగ్గర ఒంటరిగా చూడవద్దు.)

సూర్యుడి ఉపరితలం మీద కూడా ఇలాంటి గళ్లే కిక్కిరిసి ఉంటాయి. హవాయిలోని ఇనౌయే దుర్భిణి తీసి 2020లో విడుదలైన చిత్రాలు చూస్తే నాకు పల్లీ చిక్కీ గుర్తొచ్చింది. ఒక్కో గింజ వెడల్పు సుమారు 1000 కిలోమీటర్లు, అంటే చెన్నై నుంచి ముంబయికి ఆకాశమార్గాన ఉన్నంత దూరం. అంత పెద్దది నిమిషాల వ్యవధిలోనే చెదిరిపోతుంది, దాని చోట కొత్తది వస్తుంది. మధ్యలో వేడి వాయువు లేస్తుంది గనుక తెల్లగా, అంచుల్లో చల్లబడి దిగుతుంది గనుక నల్లగా కనిపిస్తుంది. చల్లబడినా వేల డిగ్రీలే లెండి.

బ్యాంకులో రెండు ఖాతాల నిల్వ ఒకటే అయినా పద్దులు వేరుగా ఉంటాయి. ఇదీ అంతే. సూర్యుడు వాయుగోళం, అక్కడ తలతన్యతకు తావు లేదు. అక్కడ పనిచేసేది సాంద్రత తేడాయే. కనుక పరీక్షలో "సూర్యుడి గింజలు బెనార్ గదులే" అని రాయకండి. "చూపులకు పోలిక ఉంది, కారణం వేరు" అని రాసి, ఆ కారణం కూడా వివరించండి.