అతుకులోని అవసరం



కొలాజ్ అంటే వేర్వేరు చోట్ల అచ్చయిన బొమ్మలనూ కాగితపు ముక్కలనూ, కొన్నిసార్లు గుడ్డపేలికలనూ, కత్తిరించి ఒకే తలం మీద అతికించి కొత్త చిత్రంగా నిలబెట్టే పద్ధతి. అధివాస్తవికత అన్నది ఒక ఉద్యమం. మెలకువలోని తర్కానికి లొంగని కల, యాదృచ్ఛికంగా జరిగేది, లోపల అణగి ఉన్న కోరిక కూడా వాస్తవంలో భాగమేననీ, వాటిని వెలికి తీయడమే కళ చేయవలసిన పని అనీ నమ్మి, 1924లో పారిస్‌లో ఆంద్రే బ్రెతాఁ వెలువరించిన ప్రణాళికతో అది రూపు కట్టింది. ఈ రెండూ ఒకటే అనుకోవడం కొత్తగా నేర్చుకునేవారిలో తరచుగా కనిపిస్తుంది గాని, కొలాజ్ వయసులో పెద్దది. 1912లో పికాసో, కుర్చీ పేము అల్లిక అచ్చువేసిన నూనెగుడ్డ ముక్కను తన చిత్రంలో అతికించినప్పుడు, అదే ఏడు బ్రాక్ చెక్కచారలు అచ్చువేసిన గోడకాగితాన్ని అతికించినప్పుడు, వారి ముందున్నది చిత్రంలో ఏది గీసినది, ఏది అసలుది అన్న ప్రశ్న, అంటే కంటికి సంబంధించిన ప్రశ్న. ఆ ప్రశ్నను మనసు వైపు తిప్పినవారు అధివాస్తవికులు, వారిలో ముఖ్యంగా మాక్స్ ఎర్నస్ట్.

1891లో జర్మనీలోని బ్రూల్ పట్టణంలో పుట్టిన ఎర్నస్ట్ చేతికి 1919లో బడి పాఠాలకు వాడే బోధనోపకరణాల సచిత్ర జాబితా ఒకటి చిక్కింది. ఎముకల బొమ్మలు, యంత్ర భాగాలు, సూక్ష్మజీవుల పటాలు, ఖనిజాల నమూనాలు, ఒకదానితో ఒకటి ఏ చుట్టరికమూ లేనివి, ఒకే పుటలో పక్కపక్కన ఉండడం అతనిని పట్టుకుంది. ఆ తరువాత అతడు పందొమ్మిదో శతాబ్దపు చౌకబారు నవలల్లోనూ విజ్ఞాన పత్రికల్లోనూ అచ్చయిన చెక్కపలక చిత్రాలను ముక్కలు చేసి కథలేని బొమ్మల పుస్తకాలు కూర్చాడు. ఇక్కడ నేర్చుకునేవారు గమనించవలసిన పనితనం ఒకటి ఉంది. అతడు తీసుకున్న బొమ్మలన్నీ ఒకే రకపు సన్నని నల్లగీతలతో చెక్కినవి కనుక, గదిలోని తెరనూ సముద్రపు అలనూ పక్కపక్కన పెట్టినా గీతలు ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయి. పైగా వాటిని బ్లాకులుగా చేయించి తిరిగి అచ్చువేయించడంతో కాగితపు అంచు నీడ కూడా మాయమైంది. అతుకు కంటికి కనబడదు, మనసుకు మాత్రం తగులుతుంది. కన్ను నమ్మి మనసు ఒప్పుకోని ఆ క్షణం కోసమే అతడు అంత జాగ్రత్త పడ్డాడు.

1933లో ఇటలీలో కూర్చి, 1934లో పారిస్‌లో అయిదు చిన్న పుస్తకాలుగా వెలువరించిన 182 చిత్రాల కొలాజ్ నవలలో మొదటి భాగమంతా సింహపు తలలున్న మనుషులు. వాళ్లు పతకాలు తగిలించుకుంటారు, దర్జాగా దుస్తులు వేసుకుంటారు, ఇళ్లలోకి చొరబడతారు. హిట్లర్ అధికారానికి వచ్చిన ఏడాదిలో కూర్చిన ఆ సింహముఖాల్లో అధికారపు క్రౌర్యాన్ని చూసిన విమర్శకులు ఎందరో ఉన్నారు. సింగరాయకొండలో పెరిగిన పిల్లకు సింహపు తల, మనిషి ఒళ్లు కొత్త కాదు. వరాహ లక్ష్మీ నరసింహస్వామి ఆలయం ఉన్న ఊరిలో అది రోజూ దండం పెట్టుకునే రూపం. అందుకే ఈ రెండు సింహముఖాలనూ పక్కపక్కన పెట్టి చూడడం పారిస్ పిల్లకంటే సింగరాయకొండ పిల్లకు ఎక్కువ ఉపయోగం.

హిరణ్యకశిపుడు పొందిన వరంలో మనిషి వల్ల గాని మృగం వల్ల గాని, పగలు గాని రాత్రి గాని, ఇంటి లోపల గాని వెలుపల గాని చావు ఉండకూడదు. ఆ షరతులన్నిటికీ జవాబుగా ఏర్పడిన రూపంలో తల ఎందుకు సింహానిది, ఒళ్లు ఎందుకు మనిషిది, వేళ ఎందుకు సంధ్య, చోటు ఎందుకు గడప, ఆయుధం ఎందుకు గోరు అన్న ప్రతి ప్రశ్నకూ కథలోనే సమాధానం ఉంది. ఇందులో ఏ ముక్కా వింత కోసం రాలేదు. ఒక్క ముక్క తీసేసినా వరం గెలుస్తుంది. ఎర్నస్ట్ సింహముఖానికి ఇలాంటి ముందస్తు షరతు లేదు. రెండు ముక్కలు దగ్గరికి వచ్చాక, వాటి మధ్య ఏదో అవసరం ఉన్నట్టు తరువాత తెలుస్తుంది, ఆ అవసరం ఏమిటో చూసేవారిలో ఒక్కొక్కరికీ ఒక్కోలా తోస్తుంది. శిల్పశాస్త్రపు సమ్మిశ్రరూపానికీ అధివాస్తవిక కొలాజ్‌కూ తేడా ఇదే. అయితే రెంటికీ ఉమ్మడి అయినది అవసరం. అది ముందు పుట్టినా వెనుక పుట్టినా పుట్టి తీరాలి. ఆవు తల మీద బస్సు చక్రం అతికిస్తే వింతగానే ఉంటుంది, కాని ఆ చక్రం బదులు ఫ్యాను రెక్క పెట్టినా అంతే వింతగా ఉంటే, అక్కడ అవసరం పుట్టలేదని అర్థం. 

ఈ వెనుక పుట్టే అవసరాన్ని అర్థం చేసుకోవడానికి అధివాస్తవికులు ఫ్రాయిడ్ కలల శాస్త్రాన్ని ఆసరా చేసుకున్నారు. కలలో ఇద్దరు ముగ్గురు మనుషులు ఒకే ముఖంగా కనిపించడాన్ని ఆయన సంక్షేపణం అన్నాడు, అసలు బాధ ఒకచోట ఉంటే దాని బరువు పనికిరాని చిన్న వస్తువు మీదికి జరిగిపోవడాన్ని స్థానాంతరణం అన్నాడు. మొదటిది కొలాజ్‌లో తల మార్చడం, రెండవది వస్తువు పరిమాణాన్ని మార్చడం అనుకుంటే స్థూలంగా సరిపోతుంది. తెలుగులో ఈ గాలిని ముందుగా పట్టుకున్నవారు కవులు. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు ఆ దారిలో ప్రయోగాలు చేశారు. నెల్లూరులో పుట్టిన పఠాభి 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో ఛందస్సునే కత్తెరకు అప్పగించాడు. చిత్రకారుల వైపు నుంచి చిత్తూరు జిల్లా వాడైన కృష్ణారెడ్డి పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియె 17 అనే ముద్రణశాలలో పనిచేశాడు. మీరో, ఎర్నస్ట్ వంటివారు మసలిన చోటు అది.

అతుకును దాచడం ఒక్కటే దారి కాదు. బెర్లిన్ కళాకారిణి హన్నా హొయెక్ ఒకవైపు ఉల్‌స్టైన్ ప్రచురణ సంస్థలో కుట్టుపని నమూనాలు గీస్తూనే, మరొకవైపు పత్రికల్లోని ఫొటోలను కత్తిరించి, మంత్రుల తలలను నాట్యకత్తెల ఒంటి మీద, అంచులు కొట్టొచ్చినట్టు కనబడేలా అతికించింది. కోపం చెప్పదలచినప్పుడు అతుకు కనబడాలి, కల చెప్పదలచినప్పుడు దాగాలి. తెలుగువారి గోడల మీద ఈ రెండవ విద్యను దశాబ్దాలు పోషించినది సినిమా పోస్టరు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి, 1967 నాటి ‘సాక్షి’ మొదలుకొని పోస్టర్లు రూపొందించిన ఈశ్వర్ తరం వారు స్టిల్ ఫొటోలను కత్తిరించి అట్ట మీద అమర్చి, అంచుల మీద పోస్టరు రంగు నడిపించి అతుకు మాయం చేసేవారు. ప్రతినాయకుడి ముఖం ఆకాశమంత, గుర్రం మీది నాయకుడు అరచేయంత ఉన్నా ఒంగోలు గోడ ముందు నిలబడిన ఏ ప్రేక్షకుడూ అభ్యంతరం చెప్పలేదు. పరిమాణానికి దూరంతో కాక ప్రాముఖ్యంతో సంబంధం ఉంటుందన్న సంగతి అతనికి ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

ముడిసరుకుకు పారిస్ పాత పుస్తకాల అంగళ్లు అవసరం లేదు. మూలన పడిన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాల్లోని గీతబొమ్మలు ఎర్నస్ట్‌కు దొరికిన జాబితాకు స్వయానా చుట్టాలు. కిరాణా కొట్టు క్యాలెండరు, శుభలేఖ, పంచాంగపు అట్ట, పత్తి విత్తనాల కరపత్రం, మిర్చి తోటల్లో పురుగుల రంగుబొమ్మలు వేసి పంచే కాగితం, ఇవన్నీ సింగరాయకొండ ప్రాంతంలో చేతికందేవే. పురుగుమందు వాడేసిన ప్యాకెట్లు మాత్రం బొమ్మ ఎంత బాగున్నా ముట్టరాదు. సేకరించినవాటిని భూతద్దం కింద పెట్టి చూస్తే అచ్చుబొమ్మ అంతా చుక్కలని తెలుస్తుంది. వార్తాపత్రికలో చుక్క ముతక, క్యాలెండరులో సన్నం. ముతక చుక్క పక్కన సన్న చుక్క పెడితే అతుకు అరుస్తుంది కనుక, దాచదలచినవారు ఒకే జాతి అచ్చులోంచి ముక్కలు ఎంచుకోవాలి. వెలుగు దిక్కు కూడా అంతే ముఖ్యం: ముఖానికి ఎడమ నుంచీ మొండేనికి కుడి నుంచీ వెలుగు పడితే కారణం తెలియకపోయినా కన్ను నమ్మదు.

కత్తిరించేటప్పుడు కత్తెర నిలకడగా ఉండాలి, తిరగవలసినది కాగితం. కత్తెరను బొమ్మ వెలుపలి వైపుకు కొద్దిగా వాల్చి కోస్తే కాగితపు తెల్లని మందం కిందికి పోయి పైనుంచి కనబడదు, అప్పటికీ కనబడితే మెత్తని పెన్సిలు మొనతో ఆ అంచును నల్లబరచవచ్చు. కోసినవెంటనే అతికించాలన్న తొందర అన్నిటికంటే చెడ్డది. ముక్కలను బల్ల మీద పరచి, జరిపి, తీసేసి, మరునాడు మళ్లీ చూడాలి. జిగురు పడనంత వరకే యాదృచ్ఛికతకు పని ఉంటుంది.

జిగురు సంగతి కాస్త వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే సింగరాయకొండలా పాకల తీరం నుంచి సముద్రపు గాలి తగిలే ఊరిలో కాగితం ఊరికే ఉండదు. మైదా ఉడికించిన జిగురులో బైండింగు పనివారు మైలుతుత్తం కలిపేది పురుగు పట్టకుండా. అది విషం, వంటపాత్రలో కలపరాదు. సీసాలో దొరికే తెల్ల జిగురు గట్టిది, నీళ్లు కొద్దిగా కలిపి ముక్క వెనుక నడుమ నుంచి అంచులకు బ్రష్షుతో నడపాలి. తడి తగలగానే కాగితం పీచుకు అడ్డంగా సాగుతుంది. ఒక క్షణం సాగనిచ్చి అతికిస్తే ముడత రాదు. తరువాత తెల్లకాగితాల మధ్య పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచాలి. వార్తాపత్రిక కాగితంలోని లిగ్నిన్ అనే కొయ్యపదార్థం వెలుతురుకు పసుపెక్కుతుంది కాబట్టి, నిలవాలనుకున్న చిత్రానికి దాని నకలును మంచి కాగితం మీద తీసి వాడడం మేలు.

నేర్చుకునే మొదటి నెల అంతా నలుపు తెలుపు బొమ్మలే, అదీ చిత్రానికి రెండే ముక్కలు. మూడవ ముక్క కావాలనిపించినప్పుడల్లా, అది రాకపోతే ఏది ఓడిపోతుందో వెనుక వైపు పెన్సిలుతో ఒక వాక్యం రాసి చూడాలి; వాక్యం రాకపోతే ముక్కను తిరిగి అట్టపెట్టెలో వేయడమే.